‘మేక్ అప్’ను తికమక లేకుండా చదవడం, సొంతంగా వాడడం ఎలా?

ఇంగ్లీషు ఫ్రేజల్ వర్బ్‌లలో (క్రియకు ‘అప్’, ‘అవుట్’ వంటి చిన్న మాట తోడై కొత్త అర్థం ఇచ్చే జంటలలో) ‘మేక్ అప్’ గురించి అడిగేవారికి ఒక అర్థం ముందే తెలిసి ఉంటుంది. ముఖానికి వేసుకునే మేకప్ తెలుగులో ఎప్పుడో కలిసిపోయిన మాట. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ‘షి మేడ్ అప్ ఎ స్టోరీ’ అని చదివినా, ‘దే మేడ్ అప్ లాస్ట్ నైట్’ అని విన్నా, తెలిసిన ఆ ఒక్క అర్థమే ముందుకు వచ్చి నిలబడి అసలు అర్థాన్ని రానివ్వదు. మొదటి వాక్యంలో ఆమె కథ కల్పించింది. రెండవ వాక్యంలో వాళ్లు పోట్లాట మానుకుని మళ్లీ కలిసిపోయారు. ముఖాలంకరణకు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

నిఘంటువులోని అర్థాలన్నీ వరుసగా బట్టీపట్టడం వల్ల ఈ తికమక పోదని నా నమ్మకం. అర్థం ‘మేక్ అప్’లో ఒంటరిగా ఉండదు, దాని పక్కన ఉన్న మాటల్లో ఉంటుంది. ఆ పక్కమాటలను ఏ వరుసలో చూడాలో, చూశాక వాక్యాన్ని ఎలా కట్టాలో ఇక్కడ అంచెలంచెలుగా వివరిస్తున్నాను.

1. మొదలుపెట్టే ముందు

1.1 మన ‘పట్టు’ను గుర్తు చేసుకోండి

జ్వరం పట్టింది, నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది, దొంగను పట్టారు. ఈ 5 వాక్యాల్లోనూ ఉన్నది ఒకే క్రియ. అయినా తెలుగు మాట్లాడేవారెవరూ ‘పట్టు’ అర్థాల జాబితాను ఎక్కడా చదువుకోలేదు. ‘నిద్ర’ పక్కన ఉన్నప్పుడు ఒక అర్థం, ‘తుప్పు’ పక్కన ఉన్నప్పుడు మరొక అర్థం అని పక్కమాటే మనకు చెప్పేస్తుంది. ‘మేక్ అప్’ను కూడా అదే పద్ధతిలో నేర్చుకోవాలి. అంటే ‘మేక్ అప్ = కల్పించు’ అని విడిగా రాసుకోకూడదు; ‘మేక్ అప్ ఎన్ ఎక్స్‌క్యూజ్ = సాకు కల్పించు’ అని పక్కమాటతో కలిపే రాసుకోవాలి.

1.2 దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక నోటుపుస్తకం. ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క పేజీ విడిచిపెట్టండి.
- ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన నిఘంటువు. ఇందులో అర్థంతో పాటు ఉదాహరణ వాక్యాలు ఉంటాయి కనుక పక్కమాటలు దొరుకుతాయి.
- క్రియారూపాలు: మేక్ అప్, మేక్స్ అప్, మేకింగ్ అప్, మేడ్ అప్. భూతకాలంలోనూ, ‘హావ్’ తర్వాతా వచ్చే రూపం ఒక్కటే, ‘మేడ్ అప్’.
- 3 వ్యాకరణ పదాలు: కర్మ (పని ఎవరి మీద, దేని మీద జరిగిందో ఆ మాట), సర్వనామం (ఇట్, దెమ్ వంటివి), ప్రిపోజిషన్ (ఫర్, విత్, ఆఫ్, టు వంటివి). ఇంతకు మించి వ్యాకరణం అవసరం రాదు.

2. వాక్యం కనిపించగానే వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

వీటిని ఈ వరుసలోనే వేసుకోవాలి. వరుస తప్పితే రెండవ ప్రశ్నకు దొరికిన జవాబు మూడవ దానిని తప్పుదారి పట్టిస్తుంది.

2.1 ఇది క్రియా, నామవాచకమా?

‘ద’, ‘సమ్’, ‘నో’, ‘హెవీ’ వంటి మాటలు ముందు ఉండి, ‘మేడ్’ అనో ‘మేకింగ్’ అనో రూపం మారకుండా ఉంటే అది చాలావరకు నామవాచకం. ‘షి వాజ్ వేరింగ్ నో మేకప్’ అటువంటిది. రాతలో కూడా ఆనవాలు ఉంటుంది. క్రియ అయితే రెండు మాటలుగా విడగొట్టి రాస్తారు. నామవాచకాన్ని బ్రిటిష్ రాతలో మధ్యలో చిన్న గీత పెట్టి, అమెరికన్ రాతలో ఒకే మాటగా కలిపి రాయడం ఎక్కువ.

2.2 ‘అప్’ తర్వాత ప్రిపోజిషన్ ఉందా?

ఉంటే పని సగం అయిపోయినట్టే.

- ‘ఫర్’ వస్తే: లోటు పూడ్చడం.
- ‘విత్’ వచ్చి, తర్వాత మనిషి ఉంటే: సఖ్యపడడం.
- ‘ఆఫ్’ వచ్చి, ముందు ‘ఈజ్ మేడ్’, ‘ఆర్ మేడ్’ వంటివి ఉంటే: భాగాలతో ఏర్పడి ఉండడం.
- ‘ఇట్ అప్ టు’ వచ్చి, తర్వాత మనిషి ఉంటే: ఆ మనిషికి కలిగిన కష్టానికో, ఆ మనిషి చేసిన మేలుకో బదులుగా ఏదైనా చేయడం.

‘మేక్ అప్ ఎ స్టోరీ ఫర్ ద చిల్డ్రన్’ వంటి వాక్యంలో ‘ఫర్’ ఉన్నా అది ‘అప్’కు ఆనుకుని లేదు, మధ్యలో కర్మ ఉంది. కాబట్టి ఆనుకుని ఉందా లేదా అన్నదే గమనించాలి.

2.3 ప్రిపోజిషన్ లేకపోతే, కర్మ ఏమిటి?

సాకు, కథ, అబద్ధం, పేరు, పాట అయితే కల్పన. ‘మైండ్’ అయితే నిర్ణయం. సగం, మూడో వంతు, మెజారిటీ వంటి పరిమాణం అయితే కూర్పు. గంటలు, డబ్బు, తేడా వంటివి అయితే తక్కువైనది భర్తీ చేయడం. పడక, పొట్లం, మందు అయితే సిద్ధం చేయడం. ఇక కర్మే లేకుండా, కర్త ఇద్దరో అంతకంటే ఎక్కువమందో అయితే దాదాపు ఎప్పుడూ సఖ్యపడడమే.

3. అర్థాలను ఏ వరుసలో నేర్చుకోవాలి?

3.1 కల్పించడం: మొదట దీనితో మొదలుపెట్టండి

మాటల్లోనూ రాతలోనూ తరచుగా ఎదురయ్యే అర్థం ఇది. లేనిదానిని బుర్రలో నుంచి పుట్టించడం దీని సారం.

‘హి మేడ్ అప్ ఎన్ ఎక్స్‌క్యూజ్.’ అతను ఒక సాకు కల్పించాడు.

‘షి మేక్స్ అప్ బెడ్‌టైమ్ స్టోరీస్ ఫర్ హర్ కిడ్స్.’ ఆమె పిల్లలకు పడుకునే వేళ కథలు అల్లి చెబుతుంది.

‘ఐ డిడ్ నాట్ మేక్ ఇట్ అప్.’ అది నేను కల్పించి చెప్పింది కాదు.

మొదటి వాక్యంలో మోసం ఉంది, రెండవ దానిలో ప్రతిభ ఉంది. తెలుగులో కూడా ‘కథలు అల్లుతున్నాడు’ అంటే నింద కావచ్చు, మెచ్చుకోలు కావచ్చు, సందర్భమే తేల్చాలి. ఇంగ్లీషులోనూ అంతే. కాకపోతే ఎదుటి మనిషితో సూటిగా ‘యు ఆర్ మేకింగ్ ఇట్ అప్’ అంటే అది ‘అబద్ధం ఆడుతున్నావు’ అనడమే. పై అధికారితోనో, పెద్దగా పరిచయం లేనివారితోనో ఈ మాట అనడానికి ముందు ఆలోచించుకోవాలి. సందేహం మాత్రమే తెలియజేయాలనుకుంటే ‘ఆర్ యు ష్యూర్ ఎబౌట్ దట్?’ అని అడగడం మేలు.

ఇదే అర్థంలో 2 స్థిరమైన వాడుకలను కూడా నేర్చుకోండి. ‘మేక్ ఇట్ అప్ యాజ్ యు గో ఎలాంగ్’ అంటే ముందస్తు ప్రణాళిక లేకుండా అప్పటికప్పుడు తోచినట్టు చేసుకుంటూ పోవడం. ‘యు కుడ్ నాట్ మేక్ ఇట్ అప్’ అంటే, కల్పించుదామన్నా తోచనంత వింతగా నిజంగానే జరిగింది అని. దీనిని నిందగా పొరబడకూడదు.

విశేషణంగా వాడినప్పుడు ‘మేడ్-అప్’ నామవాచకానికి ముందు వస్తుంది. ‘ఎ మేడ్-అప్ నేమ్’ అంటే కల్పించిన పేరు.

3.2 సఖ్యపడడం

పోట్లాడుకున్నవారు తిరిగి కలిసిపోవడాన్ని ‘మేక్ అప్’ అంటారు. దీనికి 2 అచ్చులు, అంటే వాక్యం కట్టే మూసలు, ఉన్నాయి, రెండూ చేతిలో ఉండాలి.

మొదటి అచ్చులో కర్త బహువచనం, కర్మ ఉండదు: ‘దే హాడ్ ఎ ఫైట్, బట్ దే మేడ్ అప్ ద నెక్స్ట్ డే.’

రెండవ అచ్చులో కర్త ఒక్కరే, ‘విత్’ తప్పనిసరి: ‘హావ్ యు మేడ్ అప్ విత్ యువర్ సిస్టర్?’

బ్రిటిష్ వాడుకలో ‘మేక్ ఇట్ అప్ విత్ హర్’ అని మధ్యలో ‘ఇట్’ కూడా వినిపిస్తుంది. అర్థం అదే.

ఈ మాట మనసుకు దగ్గరైనవారి మధ్య, అంటే స్నేహితులు, తోబుట్టువులు, భార్యాభర్తల మధ్య వచ్చే కలహాలకు సరిపోతుంది. రెండు సంస్థల మధ్య వివాదం పరిష్కారమైందని రాయవలసినప్పుడు ‘మేడ్ అప్’ తేలికగా, చిన్నపిల్లల తగాదాలా వినిపిస్తుంది. అక్కడ ‘సెటిల్డ్ ద డిస్ప్యూట్’ అని రాయాలి.

3.3 లోటు పూడ్చడం

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. ఎందుకంటే ‘ఫర్’ ఉన్న రూపం, లేని రూపం రెండూ సరైనవే, కాని వాటి పని వేరు.

‘మేక్ అప్ ఫర్’ తర్వాత వచ్చేది లోటు. దానిని పూడ్చేది వాక్యం మొదట్లో ఉంటుంది. ‘హర్ ఎన్థూజియాజమ్ మేక్స్ అప్ ఫర్ హర్ లాక్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్.’ అనుభవం లేని లోటును ఆమె ఉత్సాహం పూడుస్తుంది. ఈ వరుసను తారుమారు చేస్తే అర్థం తలకిందులవుతుంది. రాసిన ప్రతిసారీ ‘ఫర్’ తర్వాత ఉన్న మాట మీద వేలు పెట్టి, ఇది కొరతా కాదా అని అడగండి. కొరత కాకపోతే వాక్యాన్ని తిప్పి రాయాలి.

‘ఫర్’ లేకుండా వాడినప్పుడు అది లెక్క సరిచేయడం. 2 గంటలు ముందుగా వెళ్లిపోయినవారు ‘ఐ విల్ మేక్ అప్ ద టైమ్ ఆన్ ఫ్రైడే’ అంటే, శుక్రవారం సరిగ్గా ఆ 2 గంటలు అదనంగా పనిచేస్తానని మాట ఇచ్చినట్టు. ‘మేక్ అప్ ద డిఫరెన్స్’ అంటే తక్కువైన మొత్తాన్ని కలిపి పూర్తి చేయడం. 500 కావలసిన చోట 420 ఉంటే, మిగిలిన 80 ఎవరైనా వేసుకోవడమన్నమాట.

‘మేక్ అప్ ఫర్ లాస్ట్ టైమ్’ మాత్రం లెక్కకు సంబంధించినది కాదు. ఇన్నాళ్లూ చేయలేకపోయినదానిని ఇప్పుడు తనివితీరా, వేగంగా చేయడమని దాని భావం. చాలాకాలం తర్వాత కలుసుకున్న స్నేహితులు తెల్లవారేదాకా మాట్లాడుకుంటే ఈ మాట సరిపోతుంది. ఆఫీసు గంటల లెక్కకు ఇది సరిపోదు.

ఇక ‘ఐ విల్ మేక్ ఇట్ అప్ టు యు’. ఇందులో ‘ఇట్’ను తీసేయడానికి వీలు లేదు. ఒకరి పుట్టినరోజుకు వెళ్లలేకపోయినప్పుడు, వాళ్లు నొచ్చుకున్నారని తెలిసి, మరో రకంగా సంతోషపెడతానని చెప్పే మాట ఇది. క్షమాపణ చెప్పకుండా దీనితో మొదలుపెడితే బాగుండదు. ‘ఐ యామ్ సారీ’ ముందు రావాలి.

3.4 కూర్పు

‘విమెన్ మేక్ అప్ హాఫ్ ద క్లాస్.’ తరగతిలో సగం మంది స్త్రీలు. భాగాలు ముందు, మొత్తం తర్వాత.

‘ద కమిటీ ఈజ్ మేడ్ అప్ ఆఫ్ నైన్ మెంబర్స్.’ కమిటీలో 9 మంది సభ్యులు ఉన్నారు. ఇక్కడ మొత్తం ముందు, భాగాలు తర్వాత.

ఈ అర్థంలో క్రియ ఒక స్థితిని చెబుతుంది, జరుగుతున్న పనిని కాదు. అందువల్ల ‘ఆర్ మేకింగ్ అప్’ అని రాయకూడదు.

దగ్గరగా ఉన్న 3 మాటలను కూడా ఇక్కడే విడదీసుకోవాలి. పదార్థం రూపు మారకుండా కనబడుతుంటే ‘మేడ్ ఆఫ్’: ‘ద టేబుల్ ఈజ్ మేడ్ ఆఫ్ వుడ్.’ పదార్థం గుర్తుపట్టలేనంతగా మారిపోతే ‘మేడ్ ఫ్రమ్’: ‘పేపర్ ఈజ్ మేడ్ ఫ్రమ్ వుడ్.’ లెక్కపెట్టగల భాగాలో, సభ్యులో కలిసి ఒక మొత్తం అయితే ‘మేడ్ అప్ ఆఫ్’.

నామవాచకంగా కూడా ఈ అర్థం ఉంది. ‘జెనెటిక్ మేకప్’ అంటే జన్యు నిర్మాణం. శాస్త్ర వ్యాసాల్లో ఇది కనిపించినప్పుడు ముఖం గుర్తుకు రాకుండా చూసుకోండి.

3.5 నిర్ణయించుకోవడం

‘మేక్ అప్ వన్స్ మైండ్’ అంటే మనసు స్థిరపరచుకోవడం. ‘డిసైడ్’కూ దీనికీ చిన్న తేడా ఉంది. అటా ఇటా అని కొంతసేపు ఊగిసలాడిన తర్వాత తేల్చుకోవడం ఇందులో వినిపిస్తుంది.

కర్త మారితే మధ్యలో మాట కూడా మారాలి: ఐ అయితే ‘మై మైండ్’, షి అయితే ‘హర్ మైండ్’, దే అయితే ‘దేర్ మైండ్స్’. తర్వాత క్రియ వస్తే ‘టు’ పెట్టాలి: ‘హి మేడ్ అప్ హిజ్ మైండ్ టు లీవ్.’ ఇంకా తేలకపోతే ‘ఐ హావ్ నాట్ మేడ్ అప్ మై మైండ్ యెట్.’ ఎంత చెప్పినా ఇక మారదని తెలియజేయాలంటే ‘మై మైండ్ ఈజ్ మేడ్ అప్.’

‘మేక్ అప్ యువర్ మైండ్!’ అని ఆజ్ఞగా అంటే విసుగు ధ్వనిస్తుంది. మర్యాద పాటించవలసిన చోట ‘హావ్ యు డిసైడెడ్?’ అని అడగండి.

3.6 మిగిలినవి

వీటిని గుర్తుపట్టగలిగితే చాలు, మొదట్లోనే వాడవలసిన అవసరం లేదు. ‘మేక్ అప్ ఎ బెడ్’ అంటే దుప్పట్లు పరిచి పడక సిద్ధం చేయడం. ‘మేక్ అప్ ఎ ప్రిస్క్రిప్షన్’ అంటే చీటీలో రాసిన ప్రకారం మందు తయారుచేసి ఇవ్వడం, ఇది బ్రిటిష్ వాడుక. ‘మేకప్ ఎగ్జామ్’ అంటే తప్పిపోయిన పరీక్షకు బదులుగా రాసేది, ఇది అమెరికన్ వాడుక. లివర్‌పూల్ పరిసరాల్లో ‘ఐ యామ్ మేడ్ అప్’ అని ఎవరైనా అంటే ఎంతో సంతోషంగా ఉన్నామని చెబుతున్నారు. మిగిలిన చోట్ల అలా వాడితే అర్థం కాకపోవచ్చు.

అలంకరణ అర్థంలో తెలుగువారికి పనికివచ్చే సంగతి ఒక్కటే. మేకప్ వేసుకోవడం అనే పనికి ‘పుట్ ఆన్ మేకప్’ అనాలి, వేసుకుని ఉన్న స్థితికి ‘వేర్ మేకప్’ అనాలి. ఈ నామవాచకాన్ని లెక్కపెట్టరు కనుక దాని ముందు ‘ఎ’, చివర ‘స్’ రావు.

4. మాటల వరుసను సరిచూసుకోవడం

కర్మ నామవాచకమైతే దానిని ‘అప్’ తర్వాత పెట్టవచ్చు, ముందూ పెట్టవచ్చు: ‘మేడ్ అప్ ఎ స్టోరీ’, ‘మేడ్ ఎ స్టోరీ అప్’. మొదటిది ఎక్కువగా వినిపిస్తుంది.

కర్మ సర్వనామమైతే దాని చోటు మధ్యలోనే: ‘మేడ్ ఇట్ అప్’, ‘మేడ్ దెమ్ అప్’. ఈ నియమానికి మినహాయింపు లేదు.

కర్మ పొడవుగా ఉంటే ‘అప్’ను ముందే చెప్పేయాలి. ‘షి మేడ్ అప్ ఎ స్టోరీ ఎబౌట్ ఎ డాగ్ దట్ కుడ్ టాక్’ అన్న వాక్యంలో ‘అప్’ను చివరికి తోస్తే, వినేవారు దానికోసం అంతసేపు ఎదురుచూడవలసి వస్తుంది.

‘ఫర్’ ఉన్న రూపాన్ని విడదీయకూడదు. సర్వనామం వచ్చినా అది చివరనే ఉంటుంది: ‘మేక్ అప్ ఫర్ ఇట్’. ఇక్కడే చాలామంది పై నియమాన్ని గుర్తుపెట్టుకుని ‘మేక్ ఇట్ అప్ ఫర్’ అని ఆగిపోతారు, వాక్యం విరిగిపోతుంది.

5. పలకడం

తెలుగులో మాటలోని ఒక అక్షరాన్ని నొక్కి పలికితే అర్థం మారదు. ఇంగ్లీషులో మారుతుంది. క్రియ, నామవాచకం రెండింటిలోనూ ‘క్’, ‘అ’ కలిసిపోయి ‘మేకప్’ అనే వినిపిస్తాయి. నామవాచకంలో ఊనిక ‘మే’ మీద పడుతుంది. ‘దే మేడ్ అప్’ వంటి వాక్యంలో ఊనిక ‘అప్’ మీద పడుతుంది.

సాధన ఇలా చేయండి. ‘షి పుట్ ఆన్ హర్ మేకప్’, ‘దే విల్ మేక్ అప్ సూన్’ అనే 2 వాక్యాలను ఫోనులో రికార్డు చేసుకుని వెంటవెంటనే వినండి. రెండింటిలోనూ ‘మేకప్’ ఒకేలా వినిపిస్తే, రెండవ దానిలో ‘అప్’ను కొంచెం సాగదీసి మళ్లీ చెప్పండి.

6. తరచుగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

6.1 ‘హి మేడ్ అప్ ఇట్’

దిద్దుబాటు: ‘హి మేడ్ ఇట్ అప్.’ నోటికి అలవాటు కావాలంటే నియమాన్ని తలుచుకోవడం కంటే ‘మేడిటప్’ అని ఒకే మాటలా పదిసార్లు పలకడం త్వరగా పనిచేస్తుంది.

6.2 ‘ఐ మేడ్ అప్ మై ఫ్రెండ్’

స్నేహితురాలితో మాటలు కలిశాయన్న ఆనందంతో ఒక విద్యార్థి నాకు ఈ వాక్యం రాసి చూపించింది. ఆ వాక్యం చెబుతున్నది మాత్రం ఆ స్నేహితురాలు అసలు లేదని, తాను ఊహించి పుట్టించుకున్నదని. ‘విత్’ ఒక్కటి చేర్చగానే వాక్యం ఆమె మనసులోని మాట అయింది: ‘ఐ మేడ్ అప్ విత్ మై ఫ్రెండ్.’ ఒక చిన్న ప్రిపోజిషన్ ఒక మనిషినే లేకుండా చేయగలదని అప్పటినుంచి ప్రతి తరగతిలోనూ చెబుతున్నాను.

6.3 ‘హర్ హార్డ్ వర్క్ మేడ్ అప్ హర్ మిస్టేక్స్’

తెలుగులో ‘తప్పులను పూడ్చింది’ అని ‘ను’ పెడతాం కనుక, ఇంగ్లీషులో కర్మ నేరుగా వచ్చేస్తుందని అనిపిస్తుంది. ‘ఫర్’ లేకపోతే ఆమె తప్పులను కల్పించిందన్న ఛాయ వస్తుంది. దిద్దుబాటు: ‘మేడ్ అప్ ఫర్ హర్ మిస్టేక్స్.’

6.4 ‘స్టూడెంట్స్ ఆర్ మేకింగ్ అప్ హాఫ్ ది ఆడియన్స్’

దిద్దుబాటు: ‘స్టూడెంట్స్ మేక్ అప్ హాఫ్ ది ఆడియన్స్.’

6.5 ‘ద టీమ్ ఈజ్ మేడ్ అప్ బై సిక్స్ ప్లేయర్స్’

‘చేత’ అనే భావం మనసులో ఉండి ‘బై’ వస్తుంది. సభ్యులను చెప్పేటప్పుడు ‘ఆఫ్’ అలవాటు చేసుకోండి.

6.6 ‘మేక్ అవుట్’తో కలగలపడం

‘ఐ కాంట్ మేక్ అవుట్ హిజ్ హ్యాండ్‌రైటింగ్’ అంటే అతని చేతిరాత పోల్చుకోలేకపోతున్నానని. ‘అవుట్’ ఉన్నచోట పోల్చుకోవడం, ‘అప్’ ఉన్నచోట కల్పించడం అని రెండు వాక్యాలను పక్కపక్కన రాసిపెట్టుకుంటే కలగాపులగం కావు.

6.7 అధికారిక రాతలో అతిగా వాడడం

నివేదికలు, దరఖాస్తులు రాసేటప్పుడు కల్పనకు ‘ఫ్యాబ్రికేట్’, సఖ్యతకు ‘రికన్సైల్’, లోటుకు ‘కాంపెన్సేట్ ఫర్’, కూర్పుకు ‘కన్సిస్ట్ ఆఫ్’ ఎక్కువ ఇముడుతాయి. అయితే ‘ఈజ్ మేడ్ అప్ ఆఫ్’, ‘మేక్ అప్ ఫర్’ అధికారిక రాతలో కూడా ఇబ్బంది లేకుండా చెల్లుతాయి. మార్చవలసినవి ముఖ్యంగా మొదటి రెండే. ‘కన్సిస్ట్’ను మాత్రం ‘ఈజ్ కన్సిస్టెడ్ ఆఫ్’ అని రాయకండి. ‘కన్సిస్ట్స్ ఆఫ్’ అనే రాయాలి.

7. ఒక పేరాను దగ్గరగా చూద్దాం

ఈ 4 వాక్యాలను మొదట మీరే చదివి, రెండవ భాగంలోని మూడు ప్రశ్నలతో అర్థం తేల్చండి.

‘ద టూ బ్రదర్స్ హాడ్ ఎ క్వారల్, బట్ దే మేడ్ అప్ బిఫోర్ డిన్నర్. ది యంగర్ వన్ హాడ్ మేడ్ అప్ ఎన్ ఎక్స్‌క్యూజ్ ఫర్ బీయింగ్ లేట్. టు మేక్ అప్ ఫర్ ఇట్, హి వాష్డ్ ఆల్ ద డిషెస్. హి మేడ్ అప్ హిజ్ మైండ్ నెవర్ టు లై అగైన్.’

మొదటి వాక్యంలో ‘మేడ్ అప్’ తర్వాత ఉన్నది ‘బిఫోర్ డిన్నర్’. అది సమయం, కర్మ కాదు. ‘బిఫోర్’ కూడా ప్రిపోజిషనే అయినా మన జాబితాలోని నాలుగింటిలో లేదు కనుక దానిని పక్కన పెట్టవచ్చు. కర్త ఇద్దరు, ముందు పోట్లాట ఉంది. సఖ్యపడ్డారు.

రెండవ వాక్యంలో ‘ఫర్’ కనిపిస్తుంది, తొందరపడితే లోటు పూడ్చడమని అనుకుంటాం. కాని ‘అప్’కు ఆనుకుని ఉన్నది ‘ఎన్ ఎక్స్‌క్యూజ్’. ఆలస్యానికి సాకు కల్పించాడు.

మూడవ దానిలో ‘ఫర్’ ఆనుకునే ఉంది. ‘ఇట్’ చివర ఉంది. ‘ఇట్’ అంటే ఇక్కడ అతను చేసిన తప్పు; దానికి బదులుగా గిన్నెలన్నీ తోమాడు.

నాలుగవ దానిలో ‘మైండ్’ కనబడగానే ఇక వెతకనక్కరలేదు. మళ్లీ అబద్ధం చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు.

8. సొంతంగా రాసే సాధన

రోజుకు ఒక్క అర్థమే తీసుకోండి. ఒకేరోజు అన్నీ కలిపి రాస్తే అచ్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ప్రతి అర్థానికి మీ జీవితంలో నిజంగా జరిగిన 3 సంగతులు రాయండి. పుస్తకంలోని ఉదాహరణ కంటే మీరు పోట్లాడి కలిసిపోయిన మనిషి ఎక్కువకాలం గుర్తుంటారు. అయిదు అర్థాలూ పూర్తయ్యాక, ఆరవ రోజున అన్నీ కలిసి వచ్చేలా ఒక చిన్న పేరా రాయండి.

రాసిన తర్వాత సరిచూసుకోవలసినవి:

- సర్వనామం మధ్యలో ఉందా?
- ‘అప్ ఫర్’ తర్వాత ఉన్నది కొరతేనా?
- సఖ్యత చెప్పేటప్పుడు కర్త ఒక్కరే అయితే ‘విత్’ ఉందా?
- కూర్పు చెప్పేటప్పుడు ‘ఇంగ్’ రూపం దొర్లలేదు కదా?
- ‘మైండ్’ ముందు ఉన్న మాట కర్తతో సరిపోయిందా?
- ‘మేకప్’ నామవాచకం ముందు ‘ఎ’ చేరలేదు కదా?

ఆ తర్వాత ఈ 5 ఖాళీలు పూరించండి.

1. ‘దిస్ ఈజ్ నాట్ ట్రూ. యు మేడ్ ____ అప్.’
2. ‘ఐ మిస్డ్ యువర్ పార్టీ. ఐ విల్ మేక్ ఇట్ అప్ ____ యు.’
3. ‘నథింగ్ కెన్ మేక్ అప్ ____ ద లాస్.’
4. ‘వాటర్ ఈజ్ మేడ్ అప్ ____ హైడ్రోజన్ అండ్ ఆక్సిజన్.’
5. ‘దే కాంట్ మేక్ అప్ దేర్ ____.’

జవాబులు: 1. ఇట్. 2. టు. 3. ఫర్. 4. ఆఫ్. 5. మైండ్స్. మూడవ ఖాళీలో ‘ఫర్’ రాయకుండా వదిలేసినవారు 3.3ను, 6.3ను మరొకసారి చదివి, ఆ అచ్చులో కొత్తగా 3 వాక్యాలు రాయాలి. అయిదవ దానిలో ‘మైండ్’ అని ఏకవచనం రాసినవారికి 3.5లోని ఒక్క పేరా సరిపోతుంది.